ఎడమ రొమ్ము సంగతి

నా ఎడమ రొమ్ము తీసేసినప్పుడు నాకు నలభై తొమ్మిదేళ్ళు. ఈ వాక్యం చదివితే మా వదిన ముఖం ఎలా మాడిపోతుందో నాకు తెలుసు. రొమ్ము అన్న మాట ఆమె నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. జబ్బు బయటపడినప్పుడు "అక్కడేదో గడ్డ" అంది. ఆపరేషన్ అయ్యాక "అది తీసేశారు" అంది. చర్చిలో స్త్రీల కూడికకు ఆమే కార్యదర్శి. నా కోసం ప్రార్థన చేయించినప్పుడు "మా ఆడపడుచు ఆరోగ్య విషయం" అని ఊరుకుంది. ఆ గదిలో ఉన్నది పాతికమంది ఆడవాళ్ళే. కనీసం దేవుడికైనా విషయం అర్థమయ్యేలా చెప్పొచ్చు కదా అనుకున్నాను.

నేను సికింద్రాబాద్‌లో ఒక ఆడపిల్లల బడిలో జీవశాస్త్రం చెప్పేదాన్ని. మా వారు రైల్వేలో పనిచేస్తూ అప్పటికి ఎనిమిదేళ్ళ క్రితమే గుండెపోటుతో పోయారు. మాకు పిల్లలు లేరు. మారేడ్‌పల్లిలో మా నాన్న కట్టిన ఇంట్లో కింది వాటా నాది, పై వాటా అన్నయ్యది. ఆ ఇంట్లో నేను ఉండడం ఎవరి దయా కాదు. అయినా వదిన మెట్లు దిగి వచ్చిన ప్రతిసారీ దయ చూపించడానికే దిగుతున్నట్టు దిగేది.

ఆపరేషన్, ఆ తర్వాత మందులు ఎక్కించడం, ఆ తర్వాత రేడియేషన్ కరెంటు పెట్టడం, అన్నీ అయ్యేసరికి ఏడాది గడిచింది. ఊడిపోయిన జుట్టు చిన్నపిల్లకొచ్చినట్టు రింగులు తిరిగి వచ్చింది. మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. లోపల ఎడమ పక్క దూది కూరుకుని వెళ్ళేదాన్ని. బోర్డు మీద పై వరస రాయడానికి చెయ్యెత్తితే ఆ దూది మెడ దాకా పాకేది. పిల్లల వైపు తిరిగే ముందు చీర సర్దుకుంటున్నట్టు నటిస్తూ దాన్ని కిందికి లాక్కునేదాన్ని. జీవశాస్త్రం టీచరు బతుకది.

రొమ్మును మళ్ళీ తయారు చేయవచ్చని ఆసుపత్రిలో ఒక నర్సు చెప్పింది. తర్వాతిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు నాకు ఆపరేషన్ చేసిన డాక్టర్ని ఆ విషయం అడిగాను. అంతవరకూ ఫైలు చూస్తూ మాట్లాడిన మనిషి తలెత్తి మొదటిసారి నా ముఖం చూశాడు.

"ఈ వయసులోనా అమ్మా? ప్రాణం దక్కింది, సంతోషించండి."

ఆయన నాకంటే ఓ పదేళ్ళు పెద్ద. జుట్టుకు నల్లరంగు వేసుకుని ఉన్నాడు.

ఇంటికొచ్చి, మళ్ళీ చేయించుకోవచ్చట అని వదినతో అన్నాను. ఆమె కూరగాయల సంచీ మెట్టు మీద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఎవరి కోసం అమ్మాయీ?" అంది.

అన్నయ్యతో పెళ్ళైన నాటి నుంచీ ఆమె నన్ను అమ్మాయీ అనే పిలుస్తుంది. అమ్మాయిననుకున్నా ఆ ప్రశ్న తప్పే, ముసలిదాన్ననుకున్నా తప్పే. కానీ ఆమె ఉద్దేశం నాకు బాగా అర్థమైంది. మొగుడు లేడు, పాలు తాగే బిడ్డ లేడు, ఇంకెందుకు? ఇంట్లో మనుషులు తగ్గాక పెద్ద గిన్నెలు అటకెక్కించినట్టు ఆమె నా శరీరాన్ని ఎప్పుడో అటకెక్కించేసింది. చేయించుకోవాలని అప్పటికప్పుడే నిశ్చయించుకున్నాను. ఒళ్ళుమండి చేసుకున్న నిశ్చయమని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు మాత్రం అదే ధైర్యమనుకున్నాను.

ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి అన్నయ్య తోడొచ్చాడు. వదిన పంపింది. ఆ సర్జన్ కుర్రవాడు, నవ్వుముఖం. టేబుల్ మీద ఒక ఆల్బమ్ తెరిచి పెట్టాడు. అన్నీ ఆడవాళ్ళ ఫోటోలు, మెడ నుంచి నడుము దాకా. గుర్తు పట్టకూడదని తలలు కత్తిరించారట. అన్నయ్య గోడమీది క్యాలెండర్ వైపు తిరిగి, ఆ నెలలో పండుగలన్నీ కంఠతా పట్టడం మొదలుపెట్టాడు.

"మీ పొట్ట కింది భాగం తీసి పైకి తెస్తాం మేడమ్," అన్నాడు సర్జన్. "పొట్ట కూడా తగ్గుతుంది. ఒకే దెబ్బకు రెండు పనులు. కుడి వైపుది కొంచెం జారింది కాబట్టి దాన్నీ ఎత్తి సరిచేద్దాం."

"కుడి వైపుది నేనడగలేదే," అన్నాను.

"రెండూ ఒకలా ఉండాలి కదా మేడమ్?" అని అన్నయ్య వైపు తిరిగి, "సార్, మీరు చెప్పండి" అన్నాడు.

ఆయన నా భర్త అనుకున్నాడు పాపం. అన్నయ్య కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ నాతో ఏ ఆసుపత్రికీ రాలేదు. అరవై దగ్గర పడిన మగవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, చెల్లెలికి రొమ్ములు ఉంటాయన్న వార్త ఆ రోజే తెలిసినట్టు పారిపోయాడు.

ఆ ఆసుపత్రి మొత్తంలో పనికొచ్చే మాట చెప్పింది సర్జన్ గది బయట కూర్చునే నర్సమ్మ ఒక్కతే. "చేయించుకున్నావిడతో మాట్లాడతారా? ఎవరైనా అడిగితే నంబరివ్వమని ఆమే చెప్పింది," అని చీటీ మీద రాసిచ్చింది. ఆ రోజుల్లో బందులు ఎక్కువ. రెండుసార్లు అనుకున్న రోజున బస్సులు తిరగలేదు. మూడోసారి మౌలాలి మీదుగా వెళ్ళే బస్సెక్కి ఏ.ఎస్. రావు నగర్‌లో దిగాను.

ఆమె ఇంటి ముందు గదిలో కర్రీ పాయింట్ నడుపుతోంది. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నదై ఉంటుంది. మధ్యాహ్నం బేరం అయిపోయి గిన్నెలు కడుగుతోంది. నన్ను చూడగానే చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"రా అక్కా, కూసో. నీళ్ళు తాగుతవా?" అని లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. నేనింకా సంచీ ఒళ్ళో పెట్టుకుని ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుండగానే జాకెట్టు హుక్కులు తీసేసింది.

"సూడు. గిట్ల ఉంటది."

చూశాను. ఆల్బమ్‌లో ఉన్నంత నున్నగా లేదు. చుట్టూ కుట్ల గీత ఉంది, రంగు కొద్దిగా తేడాగా ఉంది. కానీ రొమ్మే. అంత మామూలుగా, పక్కింటావిడ కొత్త గాజులు చూపించినట్టు చూపించింది.

"ముట్టి సూడక్కా, సిగ్గెందుకు?"

వేళ్ళతో తాకాను. వెచ్చగానే ఉంది.

"ముట్టినవా?" అని అడిగింది. ఆమె కిటికీ వైపు చూస్తోంది.

"ఆఁ."

"నాకు తెల్వనే తెల్వది. మీద చెయ్యేసినా అంతే. ఓసారి పొయ్యికాడ వేడి మూకుడు తగిలి బొబ్బొచ్చింది. నాకు తెల్వలే. మా బిడ్డ సూసి చెప్పింది. గందుకే పొయ్యికాడ జెర దూరం నిలబడ్త ఇప్పుడు. పొట్ట సుత ఆర్నెల్లు మస్తు తక్లీఫ్ ఇచ్చింది. దగ్గొస్తే పరేషానే."

"మరి చేయించుకున్నందుకు బాధపడుతున్నారా?"

"ఎందుకక్కా? నాకు మస్తు ఖుషి. స్నానం చేసి అద్దంల సూస్కుంటే నేను నా లెక్కనే కనబడ్త. నాకు గది కావాలె, చేయించుకున్న." హుక్కులు పెట్టుకుంటూ నా వైపు తిరిగింది. "నీకు కావాల్నా?"

"మా వదినేమో ఎవరి కోసం అంటోంది. డాక్టరేమో ఈ వయసులో..."

"మీ వదిన ముచ్చట నేనడగలే అక్కా. నీకు కావాల్నా?"

ఇరవై ఏడేళ్ళుగా పిల్లల్ని ప్రశ్నలడిగి జవాబు రానివాళ్ళను నిలబెట్టినదాన్ని. సంచీ పట్టుకుని నేనే లేచి నిలబడ్డాను. వచ్చేటప్పుడు ఆమె పాలకూర పప్పు ఒక కవరులో కట్టి చేతిలో పెట్టింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ ఏడాదంతా తలచుకున్నాను. వదినను, అన్నయ్యను, ఇద్దరు డాక్టర్లను తిట్టుకోవడంలో నాకు బ్రహ్మాండమైన తెలివి ఉంది. తొమ్మిది గంటలు ఆపరేషన్ బల్లమీద పడుకుని పొట్ట కోయించుకోవడానికి సిద్ధపడ్డ తెలివి కూడా అదే. దేని కోసం? వదిన నోరు మూయించడానికి. ఆమెను చూసి నేను నవ్వుకుంటూ వచ్చాను గానీ, నా శరీరాన్ని ఆమె చేతికే అప్పగించి కూర్చున్నాను. ఆ రోజు నా మీద నాకు కలిగిన అసహ్యం ఆమె మీద ఎన్నడూ కలగలేదు.

ఒక వారం ఎవరితోనూ ఆ విషయం ఎత్తలేదు. నాకేం కావాలో తేల్చుకుందామనుకున్నాను. పొద్దున వేణ్ణీళ్ళు పోసుకునేటప్పుడు ఎడమ పక్క నీళ్ళు పడ్డట్టు తెలియదు, అదీ నా దిగులు. పడుకుని చెయ్యి అడ్డంగా వేసుకుంటే చేతికి ఎముక తెలుస్తుంది గానీ ఎముకకు చెయ్యి తెలియదు. నాకు తిరిగి కావలసింది ఆ స్పర్శ. దాన్ని ఎవరూ ఇవ్వలేరని ఏ.ఎస్. రావు నగర్ ఆవిడ దాచకుండా చెప్పింది. ఆమెకు కావలసింది అద్దంలో ఉంది, దొరికింది. నాకు కావలసింది అద్దంలో లేదు. అందుకని వద్దనుకున్నాను. రెండు రోజులు ఏడ్చాను కూడా. వదిన మెట్లు దిగే చప్పుడు వినిపిస్తే ముఖం కడుక్కునేదాన్ని.

ఆసుపత్రికి ఫోన్ చేసి వద్దని చెబితే కుర్ర సర్జనే మాట్లాడాడు. "మళ్ళీ ఆలోచించుకోండి మేడమ్, మీరింకా చిన్నవారే," అన్నాడు. ఒకే రోగి ఒక డాక్టరుకు ముసలిది, ఇంకో డాక్టరుకు చిన్నది. నేను థాంక్స్ చెప్పి పెట్టేశాను.

తర్వాతి ఆదివారం దూది పెట్టుకోలేదు. తెల్లచీర కట్టుకుని చర్చికి బయల్దేరాను. గేటు దగ్గర వదిన నా పైట వైపు చూసి ఆగిపోయింది.

"అమ్మాయీ, మర్చిపోయావా?"

"లేదు వదినా. మానేశాను."

"అయ్యో, అట్లా ఎట్లాగే! నలుగురూ చూస్తారు. ఎబ్బెట్టుగా లేదూ?"

చేయించుకుంటానంటే ఎవరి కోసమని అడిగిన మనిషి! ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. అర్థం చేసుకోలేని మనిషి మీద వెటకారం దండగ. ఉన్నప్పుడు కనబడకూడదు, లేనప్పుడు లేదని తెలియకూడదు. ఇంతకూ వదినను ఇబ్బంది పెట్టింది నా రొమ్ము కాదు, దాన్ని ఎవరైనా తలచుకోవలసి రావడం.

ఆ వారమే ఆమె తన పాత జాకెట్టు గుడ్డతో ఒక గుండ్రటి దిండు కుట్టి తెచ్చింది. బరువు కోసం లోపల ఆవాలు పోసిందట. కూడికలో ఎవరో చెప్పారట అలా చేయాలని. నా పేరు కూడికలో ఆ రకంగా కూడా నడుస్తోందన్నమాట.

"దీన్ని మీరే ఉంచుకోండి వదినా. ఆవాలు పనికొస్తాయి," అన్నాను.

ఆ తర్వాత ఆమె చర్చిలో మూడు వరసలు ముందుకు వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టింది. వెనక్కి తిరిగితే తప్ప నేను కనబడను. ఇద్దరికీ సుఖం.

ఏ.ఎస్. రావు నగర్ ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను. "నీకు వద్దనిపిస్తే వద్దు. మంచిగున్నవా?" అంది. అంతకు మించి ఒక్క మాట కూడా సలహా ఇవ్వలేదు. ఇప్పటికీ నెలకోసారి అటువైపు వెళ్ళి ఆమె దగ్గర కూర తెచ్చుకుంటాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను వెక్కిరించలేని మనిషి ఆమె ఒక్కతే.

ఇక మిగిలింది జాకెట్ల సంగతి. మార్కెట్ దగ్గర ఇరవై ఏళ్ళుగా నాకు కుట్టే టైలరు దగ్గరికి వెళ్ళి, ఎడమ వైపు చదునుగా కుట్టమన్నాను. అతను చేతిలోకి తీసుకున్న టేపు మళ్ళీ మెడలో వేసుకున్నాడు.

"అట్ల కుడితే నేనే ఖరాబు చేసిన అనుకుంటరు మేడమ్. దుకాణం పేరు పోతది."

నా రొమ్ము పోయిందని ఇంతమంది ఇన్ని రకాలుగా బాధపడ్డారు గానీ, పరువు పోతుందని పైకి చెప్పినవాడు అతనొక్కడే. గుడ్డ వెనక్కి తీసుకుని వచ్చేశాను. మా అమ్మ కుట్టుమిషన్‌కు నూనె వేసి, పాత జాకెట్టు విప్పి కొలత చూసుకుంటూ నేనే కుట్టాను. రెండు ఆదివారాలు పట్టింది. చంక దగ్గర ముడతలు పడ్డాయి, ఒక చెయ్యి రెండోదానికంటే అర అంగుళం పొడుగొచ్చింది. సోమవారం అదే వేసుకుని బడికి వెళ్ళి, పదో తరగతికి రక్తప్రసరణ పాఠం చెప్పాను. బోర్డు మీద పై వరస కూడా రాశాను.