ఎడమచేతి కట్లు

మా అన్న పోయిన కబురు మా పెద్దమ్మకు మొదట హిందీలో వచ్చింది.

అన్న అంటే ఆ పెద్దమ్మ కొడుకే. నాకంటే రెండేండ్లు పెద్ద. తమిళనాడులోని బర్గూరు పక్క పల్లెలో మా రెండిండ్లకూ నడుమ ఒకటే గోడ. సైన్యంలో చేరి ఐదేండ్లయింది. సరిహద్దులో యుద్ధం మొదలైన వారానికి, ఒక పొద్దున పెద్దమ్మ మామిడి మొక్కలకు నీళ్లు పోస్తా ఉంటే ఫోను మోగింది. ఆమెకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ వస్తాయి. హిందీలో మాత్రం ఒకే ఒక్క మాట వచ్చు. తన తోటి జవాన్లు ఫోనులో పలకరిస్తే బదులు చెప్పేదానికని అన్నే నేర్పించినాడు. అవతల ఎవరో హిందీలో మాట్లాడంగానే, కొడుకు స్నేహితుడనుకుని, సంతోషంగా "ఖానా ఖాయా, బేటా?" అని అడిగింది. అన్నం తిన్నావా నాయనా, అని. ఆ మనిషి ఫోను పక్కకు ఇచ్చేసినాడంట. తరువాత ఇంకొకరు ఫోను తీసుకుని తమిళంలో చెప్పినారు.

నేను అప్పుడు హోసూరులో, కంపెనీలో ఉన్నాను. "ఇంటికి వచ్చేయ్ పాపా" అని మాత్రం అనింది మా అమ్మ. బస్సు సూళగిరి దాటినా పెద్దమ్మకేదో అయిందనే అనుకుంటా ఉన్నాను. అంత యుద్ధం జరుగుతా ఉన్నా, అన్నకు ఏమైనా అవుతుందని నాకు తోచనే లేదు.

కృష్ణగిరి నుంచి మా ఊరిదాకా రోడ్డు పొడుగునా ఫ్లెక్సులు కట్టినారు. ఫోటోలో అన్నను తెల్లగా చేసి, మీసం ఒత్తుగా దిద్దినారు. మైకులో "వీరుడు" అన్న ప్రతిసారీ, ఎవరి గురించో వింటా ఉన్నట్టు ఉండింది నాకు. తప్పని అనడం లేదు, ఆ మాటకు తగినవాడే. నేనెరిగిన మనిషి మాత్రం చెవి మీద మామిడి పుల్ల పెట్టుకుని తిరిగేవాడు. ఆ మనిషి గురించి మీకు చెప్పాలని ఇది రాస్తా ఉన్నాను.

మా రెండిండ్లవాళ్లూ మామిడి అంట్లు కడతారు. టెంక నుంచి మొలిచిన మొక్కను సంచిలో పెంచి, తల కోసి, చీల్చి, మంచి చెట్టు పుల్లను ఆ చీలికలో దించి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి చుట్టాల. రెండూ ఒకటిగా అతుక్కున్నాక, రెండు మూడు నెలలకు, ఆ పట్టీ విప్పేయాల. విప్పకపోతే కాండం లావయ్యే కొద్దీ పట్టీ లోపలికి కోసుకుపోతుంది. గాలికి మొక్క ఆడనే విరుగుతుంది. దీనికి మా ఇండ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు కట్టిన అంటు వాళ్లే విప్పాల. మా తాత పెట్టినాడు. ఎంత బిగువుగా లాగినామో ఆ చేతికే తెలుస్తుంది అనేవాడు.

అన్నది ఎడమచేయి. తన కట్లు అందరి కట్లకూ ఎదురు తిరిగి ఉండేవి. ఒకసారి మా నాయన మరిచిపోయి అన్న కట్టిన పట్టీ విప్పబోయి, ఇంకా బిగించేసినాడు. "చిన్నాయనా, దాన్ని ఉరి తీస్తా ఉండావు, వదులప్పా" అని పడిపడి నవ్వినాడు అన్న. సైన్యంలో తుపాకీ కుడిచేత్తోనే పట్టమన్నారంట. "దేశానికి కుడిచేయి, మామిడికి ఎడమచేయి" అనేవాడు.

కట్టేటప్పుడు పట్టీ కొన పళ్లతో పట్టుకునేవాడు కాబట్టి మాట ఉండేది కాదు. కట్టి ముగించినాక ఆ మొక్కకు ఎవరిదో ఒకరి పేరు పెట్టి ఎగతాళి చేసేవాడు. వంకరగా ఉండే మొక్క ఎప్పుడూ నేనే. డిగ్రీ అయిన రెండేండ్లలో మూడు కంపెనీలు మారినాను. "ఇది మా పాప. యాడ పెట్టినా నెల దాటితే సంచి చించుకుంటుంది." నాకు మండిపోయేది. అయినా మారిన ప్రతిసారీ మొదట ఫోను చేసింది తనకే. ఇంట్లో అందరూ "మళ్లీనా?" అంటారు. అన్న మాత్రం "ఆడ అన్నం బాగుంటుందా?" అని అడిగేవాడు. ఆ తల్లి కొడుకే గదా.

పోయిన వానాకాలం సెలవుకు వచ్చినప్పుడు, పెద్దమ్మకిష్టమైన మల్గోవా చెట్టు పుల్లలతో అరవై అంట్లు కట్టినాడు. ఇవి అమ్మొద్దు, మన చేన్లోనే తోట వేస్తాను అన్నాడు. తిరిగి పోయే రోజు పొద్దున నన్ను పిలిచినాడు.

"రా పాపా, ఎట్ల విప్పాలో చూద్దువు. ఎడమ పక్కకు తిప్పాల…"

"నువ్వే వచ్చి విప్పుకో. నాకు బస్సుకు టైమయింది."

"సెలవు దొరక్కపోతే?"

"దొరక్కపోతే నీ మొక్కలు, నీ కర్మ."

నవ్వినాడు. "సరే తల్లీ, దీపావళికి నేనే వస్తా. అమ్మా, ఎవుర్నీ తాకనీయొద్దు!" అని ఇంట్లోకి వినబడేట్టు అరిచినాడు.

దీపావళికి ముందే ఆ ఫోను వచ్చేసింది. దీపావళీ పోయింది. కాండాలు పట్టీలకు పైనా కిందా ఉబ్బినాయి. ఒకరోజు మా నాయన కత్తి తీసుకుని పోతే పెద్దమ్మ అడ్డం నిలబడింది.

"వాడు కట్టినాడు, వాడే విప్పాల."

"చచ్చిపోతాయి వదినా."

"చావనీ."

అంతమాట అన్నదే పొద్దునా సాయంత్రం వాటికి నీళ్లు పోసేది. బాగా పెరిగే కొద్దీ ఇంకా బిగుస్తాయని, పుట్టి పెరిగింది అంట్ల నడుమే, ఆమెకు తెలియదా? ఇంకొకరి చేయి పడిందంటే కొడుకు రాడని ఒప్పుకున్నట్టే. అది మాకూ తెలుసు. మా నాయన కత్తి తిరిగి లోపల పెట్టేసినాడు.

పోయిన ఆదివారం నేను ఇంటికి పోయేసరికి గాలికి ఒక మొక్క విరిగిపోయి ఉంది. సరిగ్గా పట్టీ దగ్గరనే. పెద్దమ్మ ఆ విరిగిన తలను చేతిలో పెట్టుకుని మొక్కల నడుమ కూర్చోనుంది. ఆకులు ఇంకా వాడలేదు. నేను పోయి పక్కన కూర్చున్నాను. నా వైపు చూడకుండానే అడిగింది.

"ఆ పొద్దు నీకేమో చూపిస్తానన్నాడు గదా. చూసినావా?"

"లేదు పెద్దమ్మా. బస్సుకు పోయినాను."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండు.

"మాటన్నా విన్నావా?"

"ఎడమ పక్కకు తిప్పాలన్నాడు."

పెద్దమ్మ పక్కనున్న మొక్కను దగ్గరికి లాక్కుంది. "ఆ చెయ్యి నా కడుపులో అయిందే గదా" అనింది, మా తాతకు జవాబు చెప్పినట్టు. కుడిచేయి ఒళ్లో పెట్టేసి ఎడమచేయి చాచింది. ఆ వేళ్లకు అలవాటు లేదు, జారిపోయినాయి. కొన దొరికేదానికే చానాసేపు పట్టింది. దొరికినాక, ఒక్కొక్క చుట్టే, మెల్లగా విప్పింది. తరువాతి మొక్కను నా ముందుకు తోసింది. నేనూ ఎడమచేత్తోనే పట్టుకున్నాను.

సాయంత్రానికి అన్నీ విప్పినాము. కాండాల చుట్టూ లోతుగా గాట్లు పడినాయి. ఎన్ని బతుకుతాయో తెలియదు. పట్టీలన్నీ పెద్దమ్మ ఒళ్లో పోగయినాయి. ప్లాస్టిక్కే గదా, విప్పినాక సాపుగా పడాల. పడలేదు. ఒక్కొక్కటీ అందరి కట్లకూ ఎదురు తిరిగి, నడుమ వేలంత ఖాళీని పట్టుకుని, అట్లే చుట్టుకోనున్నాయి.