దుకాణంల నడిచి ఇంట్ల ఆరిపోయే కంప్యూటర్

2011. తెలంగాణ సమ్మె జోరు మీదుండె. బస్సులు బందు, బడులు బందు, కరెంటు వచ్చినప్పుడే వచ్చినట్టు. కోరుట్లల నా కంప్యూటర్ రిపేర్ దుకాణం సగం షటర్ దించి నడుపుతున్న. గప్పుడు స్వరూప అనే డిగ్రీ పిల్ల ఆటోల ఓ పాత సీపీయూ ఏసుకొని వచ్చింది.

"అన్నా, జగిత్యాల ప్రెస్సాయన పెండ్లి పత్రికలు డిజైన్ చేసే పని ఇస్తనన్నడు. ముందుగాల కొన్ని చేసి చూపియ్యాలె. ఇదేమో పావుగంటకే ఆరిపోతున్నది. బాపు అమ్మేస్తనంటుండు. అమ్మితే నేను గూడ అమ్మ లెక్క బీడీలకు కూసునుడే."

"కొత్తది కొనుక్కోరాదు?" అన్న.

"గంత తాహతుంటే నీ దగ్గరికెందుకొస్త?" అన్నది. నోరున్న పిల్ల. నాకు నచ్చింది.

డబ్బ విప్పిన. పాత పెంటియం ఫోర్ ప్రాసెసర్. ప్రాసెసర్ వేడిని గుంజే అల్యూమినియం దిమ్మను హీట్ సింక్ అంటం. దాని సందులన్ని తంబాకు దుమ్ముతోటి పూడుకపోయినయి. తుమ్మి తుమ్మి నా పని అయిపోయింది. బీడీల ఇంట్ల గిది మామూలే అనుకొని, బ్లోయర్ కొట్టి, సచ్చిన మిషన్‌ల కెల్లి తీసి దాచిన ర్యామ్ ఒకటి ఎక్కిచ్చిన. ర్యామ్ అంటే మిషన్ పని చేసేటప్పుడు సామాను పరుచుకునే జాగ. జాగ పెరిగితే పని జల్ది అయితది. పొద్దంత నడిపి చూసిన, ఆగలే.

తెల్లారి ఫోన్. "మళ్ల ఆరిందన్నా." తెమ్మన్న. దుకాణంల మంచిగనే నడిచింది, ఇంటికి పోంగనే మళ్ల ఆరింది. నాకు తిక్క లేచింది. ఇగ మదర్‌బోర్డే మార్చాలనుకొని హైదరాబాదుకు చెప్పిన. బస్సులే లేకపాయె, సామానెట్లొస్తది? గింతల వాళ్ల బాపు ఫోన్ చేసి, "ఆటలాడి ఖరాబు చేసింది. ఎవలన్న కొంటరేమో చూడు తమ్మీ" అన్నడు. ఎనుకకెల్లి పిల్ల ఏడుపు వినవడ్డది. నా మనసున పట్టలే. బండి తీసి వాళ్లింటికే పోయిన.

ఒకటే అర్ర. మూలకు బల్ల మీద కంప్యూటర్, పక్కకే వాళ్లమ్మ లచ్చవ్వ బీడీలు చేసుకుంట కూసున్నది. బయట ముసురు. చాయ్ తాగుకుంట కరెంటు కోసం చూసిన. కరెంటు రాంగనే స్వరూప మిషన్ ఆన్ చేసింది. లచ్చవ్వ లేచి, చేసిన బీడీల చాట తీసుకపోయి సీపీయూకు గోడకు నడుమ ఇరికిచ్చి, పైన తువ్వాల కప్పింది.

"అదేందక్కా?"

"ముసురుకు బీడీలు మెత్తవడుతున్నయి తమ్మీ. కార్ఖానోళ్లు పనికిరావని తీసి పారేస్తున్నరు. గీ డబ్బ ఎనుక వేడి గాలొస్తది గదా, మంచిగ ఆరుతయి."

నాకు నవ్వాగలే. "గా వేడి బయటికి పోకుంటే మిషన్ దానంతటదే ఆరిపోతదక్కా" అన్న.

లచ్చవ్వ మొఖం చిన్నబోయింది. "అయితే నా బిడ్డ పని నేనే చెడగొట్టిన్నా?" అని చాట గుంజుకున్నది. ఆమె చేసింది తప్పని నాకు ఇప్పటికీ అనిపియ్యది. బీడీలు వాపసొస్తే ఆ ఇంట్ల పొయ్యి ఎట్ల వెలుగాలె?

బల్లను గోడకెల్లి జరిపిన. తువ్వాల తీసేసి, చాటను మూరెడు దూరంల పీట మీద పెట్టిన. మిషన్ వేడి గాలి బయటికి పోయింది, ఆ గాలికే బీడీలూ ఆరినయి. స్వరూప కరెంటు పోయేదాక పని చేసింది, ఒక్కసారి ఆగలే. బస్సులు మొదలైనంక జగిత్యాలకు పోయి చూపిచ్చింది, పని దొరికింది. వాళ్ల బాపు మళ్ల అమ్ముడు మాట తియ్యలే.

అప్పటి సంది ఎవలు మిషన్ తెచ్చినా, ముందుగాల అది ఇంట్ల ఏడుంటది, దాని పక్కకు ఎవలు ఏం పని చేస్తరని అడుగుత. లేనోళ్ల ఇంట్ల ఏ వస్తువూ ఒక్కలకే, ఒక్క పనికే ఉండది. గా డబ్బ బిడ్డకు కొలువు తెచ్చింది, తల్లి బీడీలను ఆరబెట్టింది. రెండిట్ల ఒకటి ఇడిచిపెట్టుమని చెప్పి వచ్చుంటే, నాకు రిపేర్ రానట్టే.