రెండుసార్లూ అవే మార్కులు

మొన్న బజారు నుంచి తెచ్చిన మామిడికాయ తొడిమ విరవగానే సొన చిమ్మి ముంజేతి మీద పడింది. ఆ ఘాటు వాసన తగిలితే చాలు, నాకు భ్రమరాంబ మేడం గుర్తొస్తారు. మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. ఆవిడ పేరు మీద పుస్తకాలేమీ లేవు. నూజివీడులో అర్చకుల ఇంట పుట్టి, సైకాలజీ చదివి, కాలేజీలో పాఠాలు చెబుతూ, పిల్లల తెలివిని కొలిచే పరీక్ష ఒకటి మన పిల్లల కోసం తయారుచెయ్యాలని పట్టుబట్టిన మనిషి. ఎనభైల నడుమ రెండేళ్ళు ఆవిడ దగ్గర సహాయకురాలిగా పనిచేశాను. నాకు వృత్తి నేర్పింది ఆవిడే. మనశ్శాంతి పోగొట్టిందీ ఆవిడే అని కోపం వచ్చిన రోజుల్లో అనుకుంటాను.

అప్పట్లో మా చేతిలో ఉన్నవన్నీ ఇంగ్లీషు పరీక్షలకు అనువాదాలు. ఒక దాంట్లో ఆపిల్ చెట్టు బొమ్మ, దాని కింద లెక్కల ప్రశ్నలు ఉండేవి. "మన పిల్లలు ఆపిల్ చెట్టు ఎప్పుడు చూశారమ్మా? ఇది తెలివికి పరీక్షా, కాశ్మీరుకి పరీక్షా?" అని మేడం నవ్వి, నాచేత మామిడిచెట్టు గీయించారు. పదకొండు కాయలు. చెట్టు మీద ఎన్ని ఉన్నాయి, మూడు రాలిపోతే ఎన్ని మిగులుతాయి, ఇలా ఆ ఒక్క బొమ్మ మీదే ఎనిమిది ప్రశ్నలు. ఇద్దరం తెగ మురిసిపోయాం. నేను మైలవరంలో బట్టల కొట్టువాళ్ళ అమ్మాయిని. కాయ తినడం తప్ప తోటల సంగతి తెలియదు. మేడం సంగతీ అంతే.

చుట్టుపక్కల ఊళ్ళలోని కూలీల ఆడపిల్లల్లో కొందరిని ఉచితంగా చదివిస్తామని ఒక హాస్టలు బడివాళ్ళు ముందుకొచ్చారు. ఎవరిని చేర్చుకోవాలో మేడం పరీక్షే తేల్చాలి. అలా ముసునూరు దగ్గర ఒక మామిడితోటలో దుర్గను చూశాను. కాపలా ఉండే ఏడుకొండలు కూతురు, ఎనిమిదేళ్ళది. నేను కనిపిస్తే చాలు, "హాస్టల్లో పలకిస్తారా అండీ, పుస్తకమే ఇచ్చేస్తారా?" అని వెంటపడేది. అంత హుషారు పిల్ల, చెట్టు బొమ్మ ముందు పెట్టి ఎన్ని కాయలమ్మా అంటే మాత్రం "తెలీదండి" అంది. అరచేత్తో బొమ్మను కప్పేసింది. నేను కాగితం మీద 'శ్రద్ధ లేదు' అని రాసుకున్నాను.

మూడు వారాలాగి అందరికీ అదే పరీక్ష మళ్ళీ పెట్టాం. కొలత నిలకడగా ఉందో లేదో చూసుకోవాలిగా, దాన్నే రిలయబిలిటీ అంటారు. దుర్గ మళ్ళీ తెలీదంది. రెండు దొంతుల కాగితాలు పక్కపక్కన పెట్టి చూసిన మేడం మొహం వెలిగిపోయింది. "ఒక్క పిల్లకైనా పెద్దగా తేడా రాలేదు, చూశావా!" అన్నారు. వరిపొలాల వైపు పిల్లలు బాగానే చేశారు. తోటల్లో ఉండేవాళ్ళలో మాత్రం ఒక్కరూ జాబితాకెక్కలేదు. బడి దూరం కదా, అందుకే వెనకబడ్డారని మాకు మేమే సర్ది చెప్పుకున్నాం. జాబితా పంపేశాం.

వేసవిలో కోతలప్పుడు మళ్ళీ ఆ తోటకు వెళ్ళాం. చేతికందే కొమ్మ నిండా కాయలు. మేడం సరదాగా వేలు పెట్టి చూపిస్తూ "ఒకటి, రెండు, మూడు" అంటున్నారు. దుర్గ తల్లి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో అమ్మగారూ, చెట్టు మీదుండగా లెక్కెట్టకూడదండీ! దిష్టి తగిలి కాపంతా రాలిపోద్ది. మా పిల్లలు కూడా లెక్కెట్టరు."

మేడం చటుక్కున వేలు దించేశారు. కింద రాశి పోసిన కాయలు చూపించి, "ఇవి లెక్కపెట్టొచ్చా?" అని అడిగారు. కోసినవాటికి ఫరవాలేదంది ఆ తల్లి. దుర్గ గడ్డిలో చతికిలబడి నాలుగేసి చొప్పున జరుపుతూ రెండు వందల పైచిలుకు కాయలు లెక్కపెట్టింది. ఒక్కటీ తప్పలేదు. మేడం తీసెయ్యమన్నన్ని నోటితోనే తీసేసి చెప్పింది కూడా.

వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో మేడం ఒకే ఒక్క మాటన్నారు. "ఒకే మాట రెండుసార్లు చెప్పినంత మాత్రాన సాక్షి నిజం చెప్పినట్టు కాదమ్మా. మనం కొలిచింది వాళ్ళ తెలివిని కాదు, వాళ్ళ భయభక్తుల్ని." కొలవాల్సినదాన్నే కొలుస్తున్నామా అన్న ప్రశ్నకు వాలిడిటీ అని పేరుందని అంతకు ముందు ఏడాదే నాకు నోట్సు చెప్పింది ఆవిడే. మర్నాడు మార్కులు దిద్దుకుని హాస్టలుకు వెళ్ళి జరిగింది చెప్పుకున్నారు. సీట్లు నిండిపోయాయన్నారు వాళ్ళు. "మీరే కదండీ, రెండుసార్లు పెట్టాం, రెండుసార్లూ అవే మార్కులొచ్చాయని రాసిచ్చారు?" అన్నారు. పై ఏడాది మళ్ళీ అడిగితే దుర్గకు వయసు దాటిందన్నారు.

మేడం తోటకు వెళ్ళి ఏడుకొండలు ముందు చేతులు జోడించారు. నాకు ఏడుపొచ్చింది. అతను కంగారుపడిపోయాడు.

"మీ తప్పేముందండీ? ఒకసారైతే ఏమోలే అనుకునేవాళ్ళం. రెండుసార్లు చూసి మరీ చెప్పారుగా. దానికి బుర్ర లేదండి, అంతే."

"బుర్ర లేకపోవడమేంటి, నా కళ్ళముందే అన్ని కాయలు లెక్కపెట్టింది కదయ్యా! ఏం దుర్గా, నువ్వు చెప్పమ్మా."

దుర్గ తల్లి కొంగు పట్టుకుని, "నాకు లెక్కలు రావండి" అంది. అలక లేదు, బాధ కూడా లేదు. ఇంటిపేరు చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆ తర్వాత మేడం ఏ పరీక్షా తయారుచెయ్యలేదు. రిటైరయ్యేదాకా పాఠం చెప్పి ఇంటికి వెళ్ళిపోయేవారు. ఆఖరి రోజుల్లో చూడబోతే, "మార్కులు దిద్దగలిగాను కానీ, ఆ పిల్ల మనసులో పడ్డదాన్ని దిద్దలేకపోయానమ్మా" అన్నారు.

ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల్ని పరీక్షించి రిపోర్టులు రాస్తున్నాను. సంతకం పెట్టబోయే ముందు ఒక్కసారి ఆగుతాను. ఈ పిల్ల తెలియదన్నది నిజంగా తెలియకేనా అని ఇంకో రకంగా అడిగి చూస్తాను. ఒక్కోసారి జవాబు దొరుకుతుంది. దొరకని రోజుల్లో కూడా బయట బెంచీ మీద తల్లీ తండ్రీ కూర్చునే ఉంటారు, నేనేం రాసిస్తే అది నమ్మడానికి. సంతకం పెట్టేస్తాను.