హైనా తిన్న బూట్లు

ఈ మధ్యాహ్నం మేముండే టూంగాబీలోనే ఒక తెలుగు డాక్టరు గారింట్లో భోజనం. ఆయన ఆఫ్రికా సఫారీ నుంచి వచ్చి వారమే అయింది కాబట్టి పప్పు వడ్డించకముందే సింహాలు మొదలయ్యాయి. టాంజానియాలో సఫారీ క్యాంపు మేనేజరుగా పంతొమ్మిదేళ్లు చేసిన నేను ఎదురుగానే కూర్చున్నాను. ఆ ఉద్యోగానికి ఆయన పెట్టిన పేరు "అడవిలో హోటల్ పని".

"టెంటు బయట విడిచిన కొత్త లెదర్ బూట్లు అంకుల్! తెల్లారేసరికి హైనా ఎత్తుకుపోయింది. రివ్యూలో మేనేజర్‌ని కడిగేశాను. ఒక్కటే స్టార్!"

"లోపల పెట్టుకోమని అతను చెప్పలేదా?" అని అడిగాను.

"మూడుసార్లు చెప్పాడు. పడుకునే చోటికి చెప్పులు తీసుకెళ్తామా అంకుల్? మన పద్ధతులు మనకుంటాయి కదా!"

చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. పద్ధతి పాటించింది ఈయన, బూట్లు తిన్నది హైనా, తిట్లు తిన్నది మాత్రం ఆ మేనేజరు. అలాంటి ఒక్క రివ్యూతో ఉద్యోగం ఊడిన వాళ్లని నేను చూశాను. పంతొమ్మిదేళ్లలో నన్ను ఏడిపించిన సింహం ఒక్కటీ లేదు. ఏడిపించినవాళ్లంతా బాగా చదువుకున్న అతిథులే.

బయల్దేరేటప్పుడు గుమ్మం బయట డాక్టరు గారి మరో కొత్త జత కనిపించింది. మేనేజరు బుద్ధి ఎక్కడికి పోతుంది? జాగ్రత్తగా లోపలికి తీసుకెళ్లి ఆయన మంచం మీద, దిండు పక్కనే పెట్టి వచ్చాను.

ఇంకా ఫోన్ రాలేదు. నాకెన్ని స్టార్లు వస్తాయంటారు?