మా అయివారు, మన అయివారు

మా అయివారు పోయారని పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చూశాను. మా వైపు పంతులుగారిని అయివారంటాం. ఆరేళ్లుగా ఆయనకూ నాకూ మాటల్లేవు. అయినా ఆఫీసులో పని సగంలో వదిలేసి నగర్తపేటకు బయల్దేరాను. దారంతా కోపమే. ఆయన్ని ఒక మాట అడగాల్సి ఉండింది. అడగనివ్వకుండానే వెళ్లిపోయారు.

నగర్తపేటలో ఇత్తడి సామాన్ల కార్ఖానా పైన ఆయన గది. ఆదివారాలు మాకు అక్కడే తెలుగు పాఠం. కింద సుత్తి దెబ్బలు, పైన ఆయన కేకలు. వీధిలో కన్నడ మాట్లాడీ మాట్లాడీ నేను 'మేము' అనాల్సిన చోట 'మనము' అనేవాణ్ణి. కన్నడంలో రెండింటికీ 'నావు' ఒక్కటే కదా. ఒకసారి "అయివారూ, మనం నిన్న మామ పెండ్లికి పోయినాం" అన్నాను.

"నేనెప్పుడొచ్చినానప్పా? నాకెవురూ విస్తరి కూడా వెయ్యలేదే" అన్నారు. అందరూ నవ్వారు. నవ్వులయ్యాక నెమ్మదిగా చెప్పారు: "మేము అంటే ఎదుటోడు గడపకు బయట ఉండాడు. మనము అంటే లోపల ఉండాడు. కతంతా ఆ గడప కాడే ఉండాది."

ఏ కథ రాసి చూపించినా ముందు ఒకటే అడిగేవారు: "చెప్పేవోడు ఏడ నిలబడుండాడు?" ఒకరోజు హోటల్లో ఒక కాఫీని ఇద్దరికి బై టూ చెప్పి, నిండుగా ఉన్న గ్లాసు తాను తీసుకున్నారు. నేను మూతి ముడుచుకున్నాను. "ఇప్పుడు దీన్ని నా పక్క నుంచి చెప్పు" అన్నారు. చెప్పబోతే అప్పుడు తట్టింది, పొద్దుట్నుంచీ ఆయన ఏమీ తినలేదని.

నాకు పదేళ్లప్పుడు మా అమ్మ నాన్ననూ నన్నూ వదిలి ఊరికి ఆ చివరనున్న కాడుగోడికి వెళ్లిపోయింది. ఆ సంగతి నేను నోరు విప్పి చెప్పుకున్నది అయివారొక్కరికే. ఆరేళ్ల కిందట ఒక పత్రికలో ఆయన కథ అచ్చయింది. మా ఇంటి కథే. 'నేను' అంటూ చెప్పేది అమ్మ. అందులో ఆమె వరసగా మూడు రోజులు బడి గేటు బయట నిలబడుతుంది. మూడోరోజు కొడుకు చూస్తాడు. చూసి, లోపలికి వెళ్లిపోతాడు.

ఆ గేటు సంగతి నేను అయివారికి కూడా చెప్పలేదు. అది తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే, నేనూ అమ్మా.

పత్రిక పట్టుకుని మెట్లెక్కాను. "కాడుగోడికి పోయినారా?" అని అడిగాను.

"పోయినానప్పా. ఒక పక్కనే విని రాస్తే అది కత కాదు, చాడీ."

"నన్నొక మాట అడగాలనిపించలేదా?"

కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "అడిగింటే నువ్వు వద్దనింటావు."

అంతే. నమ్మి చెప్పుకున్న మాట పట్టుకుని దొడ్డిదారిన మా ఇంట్లో దూరారు. నమ్మించి గొంతు కోశారని ఆ రోజు అనుకున్నాను, ఇవాళా అంటాను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెబుతున్నాను, నాకు అక్షరం ముక్క అబ్బిందంటే ఆయన చలవే. కానీ నన్ను ఆయనంతగా ఏమార్చినవాళ్లు మా అమ్మ తర్వాత ఎవరూ లేరు. నేను అడగాలనుకున్నది ఇదే: ఆమె పక్క వినడానికి అంత దూరం పోయారే, గేటు లోపల ఉన్న పిల్లాడి పక్క ఎప్పుడు రాస్తారు?

గదిలో ఆయన్ని చాప మీద పడుకోబెట్టారు. కళ్లద్దాలు తీసేశారు. వాటి గుర్తులు మాత్రం ముక్కు మీద అలాగే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. దండ వేసి తలుపు దగ్గరికి వచ్చాను.

మెట్ల మీద ఎవరో ఆయాసపడుతూ ఎక్కి వస్తున్నారు. నెరిసిన జుట్టు, చేతిలో మల్లెపూల పొట్లం. చెప్పులు విడిచి తలెత్తింది. అమ్మ. ముప్పై ఏళ్లయినా గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. ఆమె కూడా నన్ను గుర్తుపట్టింది.

"మన అయివారు ఇట్ల పోతారనుకోలేదు నాయనా" అంది.

"మా అయివారు" అని సరిదిద్దాను.

ఆ తేడా ఆమెకు తెలుసు. గడప దాటబోయిన కాలు వెనక్కి తీసుకుంది. పొట్లం రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. కార్ఖానాలో ఆ రోజు సుత్తుల చప్పుడు లేదు. బడి గేటు దగ్గరలాగే, ఈసారి కూడా నేను లోపలే నిలబడి ఉన్నాను.