కొలతకు కుట్టిన జాకెట్టు

2025 జూన్ పది, మంగళవారం, ఉదయం పదకొండుంబావుకు మారతహళ్ళిలో హొసకోటె బస్సెక్కాను. నా పక్క సీటులో ముప్ఫై అయిదేళ్ళ ఆవిడ. ఆమె జాకెట్టు ఎడమవైపు, రొమ్ము ఎత్తుకు పట్టే డాట్లు లేకుండా చదునుగా ఉంది. కుట్టులో తప్పు కనబడితే నేను ఊరుకోలేను.

“దర్జీ పాడుచేశాడమ్మా,” అన్నాను.

“లేదవ్వా. క్యాన్సరొచ్చి ఆ పక్క తీసేసినారు. ఉండేదానికే కొలతిచ్చి కుట్టించినా.”

నాకూ అదే జబ్బొచ్చి కుడివైపు తీసేశారు. ఆరేళ్ళుగా జాకెట్టులో ఆ పక్క దూది కుక్కుకుంటున్నాను, రాత్రి పడుకునేటప్పుడు కూడా. ఆపరేషనయ్యాక మావారు నా ఒంటిని ఒక్కసారీ చూడలేదు. ఇదేమీ చెప్పకుండా, “మరి మీ ఆయన?” అని మాత్రం అడిగాను.

“లైటార్పబోయినాడు. ఉండనీప్పా, చూసి పడుకో అన్నా.”

“చూశాడా?”

“చూసినాడు. ఏడ్చినాడు. ఆమీద ఈ పక్కనే తల పెట్టి గురక పెట్టినాడు. నాకే నిద్ర లేదవ్వా, ఆయప్ప తల అంత బరువు.”

హొసకోటెలో దిగి ఆమె తన దారిన వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మావారు స్విచ్చి మీద చెయ్యి వేస్తే ఆర్పవద్దన్నాను. హుక్కులు నేనే తీశాను. డెబ్బై రెండేళ్ళ మనిషి, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు.

పోయింది ఒక రొమ్ము, ఆరేళ్ళు. అంతకు మించి ఏమీ పోలేదు.