గోవిందరాజులు గారి కాలు తగిలితే

గోవిందరాజులు గారి కాలు దేనికైనా తగిలిందంటే ఇక అక్కడ పని ఆగిపోవాల్సిందే. ఆయన వంగి, తగిలినదాన్ని కుడిచేత్తో తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకుని, అప్పుడు గాని లోకాన్ని ముందుకు కదలనివ్వరు. పుస్తకానికో, పక్కన కూర్చున్న మనిషికో కాలు తగిలితే మనమూ చేసే పనే ఇది. కాకపోతే మనకొక హద్దుంది, ఆయనకు లేదు. చెత్తబుట్టకు తగిలినా అంతే, ట్రామ్ తలుపుకు తగిలినా అంతే.

ఒకసారి ట్రామ్‌లో ఎదురుగా కూర్చున్న ఆరున్నర అడుగుల జర్మన్ పెద్దమనిషి బూటుకు ఈయన బూటు తగిలింది. ఈయన వంగేసరికి ఆ పెద్దమనిషి తన లేసు ఊడిందనీ, ఈయన కట్టబోతున్నాడనీ అనుకుని, మొహమాటపడుతూనే రెండో కాలు కూడా ముందుకు చాపాడు. గోవిందరాజులు గారు రెండు లేసులూ విప్పి, శుభ్రంగా కట్టి, తన స్టాపు దాటిపోయాక దిగారు. "కాలు చాపాక కట్టకపోతే ఏం బాగుంటాదండీ?" అంటారు ఎవరైనా అడిగితే.

గీతికకు ఆయన మనిషిగా కంటే ముందు బొమ్మగా పరిచయం. డ్రెస్డెన్‌లోని ఒక కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో చేరిన మొదటి రోజు శిక్షణలో ఆమెకు కొన్ని బొమ్మలు చూపించారు. దుమ్ము కణం కూడా దూరకూడని గదిలో తెల్లసూటు వేసుకుని ఎలా మసలుకోవాలో చెప్పే బొమ్మలవి. పరుగెత్తకూడదు, తినకూడదు, ముఖం తాకకూడదు. చివరి బొమ్మలో ఒక మనిషి వంగి, కాలు తగిలిన యంత్రాన్ని తాకి, ఆ చేతిని కళ్ళజోడుకు అద్దుకుంటున్నాడు. దాని మీద అడ్డంగా ఎర్ర గీత. జర్మన్లెవరికీ అదేమిటో అర్థం కాలేదు గాని వరంగల్లు పిల్ల గీతికకు చూడగానే తెలిసిపోయింది.

"ఇది మనోళ్లెవరో చేసిన పనే గదా?" అని పక్కవాళ్లనడిగింది.

"నేనేనండి, తణుకు," అన్నారు అదే శిక్షణకు రెండోసారి వచ్చి వెనక సీట్లో కూర్చున్న గోవిందరాజులు గారు.

అలాంటి మనిషి యాభై రెండో ఏట గుర్రపుస్వారీ మొదలుపెట్టారు. నడుము నొప్పికి డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడట. కూర్చుని చేసే వ్యాయామం ఏదైనా ఉందా అని జర్మనీ అంతా గాలించి ఈయన దీన్ని పట్టుకున్నారు.

గీతిక సంగతి వేరు. ఆమె తొమ్మిదేళ్ల కూతురు సహస్ర ఊరి చివర గుర్రాల బడిలో శనివారం పోనీలనే పొట్టి గుర్రాల మీద స్వారీ నేర్చుకుంటోంది. పిల్ల పాఠం అయ్యేదాకా చలిలో కంచె పట్టుకుని నిలబడేకన్నా, పక్కనే జరిగే పెద్దవాళ్ల తరగతిలో చేరితే పోలా అనుకుంది. చేరి చూస్తే లైనులో అందరికంటే ముందు, బెర్టా అనే బూడిదరంగు గుర్రం మీద గోవిందరాజులు గారు ఉన్నారు. గీతికకు ఇచ్చిన మోరిట్జ్ సరిగ్గా దాని వెనక.

ఇప్పుడొచ్చింది చిక్కు. గుర్రం కదలాలంటే రెండు మడమలతో దాని పక్కల్ని నొక్కాలి. అంటే కాలు తగలాలి. తగలడమేమిటి, కావాలని తగిలించాలి.

"హెర్ రాజూ, మడమలతో నొక్కండి," అంది ఫ్రౌ పెట్సోల్డ్. జర్మన్‌లో హెర్ అంటే శ్రీ, ఫ్రౌ అంటే శ్రీమతి. నేర్పేది ఆవిడే. గొంతు మైదానం అవతలి గుర్రాలక్కూడా వినిపిస్తుంది.

ఆయన నొక్కారు. బెర్టా ఒక అడుగు వేసింది. వెంటనే ఆయన పగ్గాలు వదిలేసి, వంగి, చెయ్యి చాచి బెర్టా పొట్టను తాకి కళ్ళకద్దుకున్నారు. పగ్గం వదులైతే ఆగాలని బెర్టాకు చిన్నప్పుడే నేర్పారు. ఆగింది. దాని వెనక మోరిట్జ్ ఆగింది. మోరిట్జ్ వెనక అందరూ ఆగారు.

"ఎందుకు ఆపారు?"

"కాలు తగిలిందండి."

"నేనేగా నొక్కమన్నాను?"

"మీరన్నారని నొక్కాను. తగిలిందని దణ్ణం పెట్టాను. రెండూ వేరు వేరండి."

"గుర్రం మిమ్మల్ని క్షమాపణ అడగలేదు."

"అడిగేదాకా ఉంచుకోకూడదండి."

ఫ్రౌ పెట్సోల్డ్ ముప్పై ఏళ్లుగా గుర్రాలకూ మనుషులకూ చెబుతోంది గాని ఇలాంటి జవాబు ఏ జాతి నుంచీ వినలేదు. ఆ శీతాకాలమంతా ఆ తరగతి అడుగు, దణ్ణం, అడుగు, దణ్ణం లెక్కన సాగింది. కంచె మీద వాలి పిల్లలు పగలబడి నవ్వేవారు. అందరికంటే గట్టిగా నవ్వేది సహస్ర. బెర్టా మాత్రం బెర్టమ్మ అని పిలిపించుకుంటూ, నిమిషానికోసారి పొట్ట నిమిరించుకుంటూ మహా సుఖపడింది.

మార్చిలో ఆయన ఏదో పెళ్లికని తణుకు వెళ్లారు. ముందు అడ్డు లేకపోవడంతో ఆ శనివారం లైను తొలిసారి సాఫీగా కదిలింది. ఫ్రౌ పెట్సోల్డ్ ఉత్సాహపడిపోయి "త్రాబ్" అని అరిచింది. అంటే నడక వదిలి దుడుకు నడక అందుకోమని. సవారీ చేసేవాళ్ల ఎముకలన్నీ ఒకదానికొకటి పరిచయమయ్యేది ఈ నడకలోనే. సగం చుట్టు తిరిగేసరికి గాలికి ఒక ప్లాస్టిక్ పట్టా లేచింది, మోరిట్జ్ బెదిరి పక్కకు గెంతింది, గీతిక నేల మీద ఉంది. మణికట్టు విరిగింది.

కట్టు విప్పాక మళ్లీ వచ్చింది. భయమా, నాకా, అన్నట్టే వచ్చింది. సహస్ర ముందు ఇంకోలా రావడానికి వీల్లేదు. సైకిల్ మీంచి పడ్డప్పుడల్లా "లేచి మళ్ల ఎక్కు" అని ఆ పిల్లను ఎక్కించింది తనే. కానీ "త్రాబ్" అన్న మాట వినబడగానే ఆమె కళ్ళు ఎగిరే పట్టా కోసం నాలుగు దిక్కులా వెతికేవి. ఇంట్లో మొగుడు ధీరజ్‌కు కూడా ఈ సంగతి చెప్పలేదు.

అయితే ఆ మాట వినబడిన ప్రతిసారీ ముందు బెర్టా ఆగిపోయేది. గోవిందరాజులు గారు వంగి ఉండేవారు. మామూలుగా కూడా కాదు, ఈమధ్య ఆయన భక్తి బాగా ముదిరింది. కుడిపక్క ఒకసారి, ఎడమపక్క ఒకసారి, మధ్యలో మెడకు ఒకటి.

"ఏంది సార్ ఇది, ఇట్లయితె మేమెప్పుడు నేర్సుకోవాలె?" అని గీతిక పైకి కసురుకునేది. లోపల మాత్రం ఆయన కాలికి వెయ్యి దండాలు పెట్టుకునేది.

అలా ఎండాకాలం వెళ్లిపోయింది. సెప్టెంబరులో ఫ్రౌ పెట్సోల్డ్ ఒక ప్రకటన చేసింది. నెలాఖరున పిల్లలంతా పోనీల మీద అడవిలోకి వెళతారు. పెద్దవాళ్లలో ఎవరైతే ఆగకుండా ఒక చుట్టు త్రాబ్ చెయ్యగలరో వాళ్లూ వెంట రావచ్చు. మిగతావాళ్లు ఇక్కడే ఉండి కాఫీ కాయవచ్చు.

ఇంటికి వెళ్లే బస్సులో సహస్ర అడిగింది. ఆ పిల్ల తెలుగు వింటుంది, జవాబులు జర్మన్‌లో ఇస్తుంది. "అమ్మా, నువ్వు నాతో వస్తావు కదూ? కాఫీ కాయవు కదూ?"

గీతికకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. తెల్లారేసరికి తప్పంతా ఎవరిదో తేలిపోయింది. ముందున్న ఆ పెద్దమనిషి ఆగకపోతే తను ఈపాటికి నేర్చుకుని ఉండేది కాదా? ఆయన ఆగడం చూసి ఎన్ని శనివారాలు ఊపిరి పీల్చుకుందో ఆ పూట గుర్తు రాలేదు. ఆయన్ను ఇంకో తరగతికి మార్చమని చెప్పడానికి బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా గుర్రాల బడికి వెళ్లింది.

మైదానంలో బూడిదరంగు గుర్రం ఒకటి దుడుకు నడకలో అందంగా చుట్లు కొడుతోంది. మీద ఉన్న మనిషి నిటారుగా, తాళం తప్పకుండా లేస్తూ కూర్చుంటున్నాడు. మడమలు గుర్రం పక్కల్ని నొక్కుతూనే ఉన్నాయి. ఒక్క దణ్ణం లేదు. గీతిక రెండు చుట్ల దాకా ఆ మనిషిని గుర్తుపట్టలేదు.

చివరికి ఆయన గుర్రం దిగి, బెర్టా ముందుకు వచ్చి, రెండు పక్కలూ తాకి ఒక్కసారి కళ్ళకద్దుకున్నారు. పూటంతా తగిలినదానికి కలిపి ఒకటే టోకు క్షమాపణ.

"ఎప్పటి నుంచి?" అని కంచె దగ్గర నిలబడ్డ ఫ్రౌ పెట్సోల్డ్‌ను అడిగింది గీతిక.

"వసంతం నుంచి. గుర్రంతో ఒప్పందానికి వచ్చానన్నాడు. మీ చెయ్యి కట్టులో ఉన్నన్నాళ్లూ శనివారం కూడా ఎక్కడా ఆగలేదు. పై తరగతికి వెళ్లమంటే వెళ్లడు. శనివారం తనకు పనుందంటాడు. ఏం పని అంటే చెప్పడు."

తరగతి మార్చమని చెప్పడానికి వచ్చిన గీతిక ఆ మాటే ఎత్తలేదు. గబగబా ఆయన దగ్గరికి నడిచింది. ఆయన ఆమెను చూసి, తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా బెర్టా వెనక్కి వెళ్లబోయారు.

"సార్, నిజం చెప్పుండ్రి. మీరు నా కోసం ఆపుతున్నరా?"

"అబ్బే, అదేదో నా అలవాటండి."

"సార్."

ఆయన కాసేపు పగ్గం సర్దారు. "ఏంలేదమ్మా. నా వెనకాల మోరిట్జ్ కంటే మీరే గట్టిగా ఊపిరి తీస్తారండి. ఆవిడ త్రాబ్ అనగానే ఆ ఊపిరి చప్పుడు టక్కున ఆగిపోయేది. మళ్లీ వినబడేదాకా నేనేం చెయ్యనండీ? దణ్ణాలు పెట్టుకుంటా కూర్చున్నాను."

"భయపడకు అని నాకు ఒక్క మాట చెప్పొచ్చు గద సార్?"

"చెప్తే పోద్దా అండీ భయం? పైగా మీ అమ్మాయి అక్కడే నిలబడి చూస్తా ఉంటాది. పిల్లలన్నాక నవ్వుతారు. నవ్వేదేదో నన్ను చూసి నవ్వుతారు కదాని."

గీతికకు కళ్ళు చెమ్మగిల్లాయి, సిగ్గూ వేసింది. ఆ రెంటినీ దాచుకోవడానికి ఆమెకు తెలిసిన దారి ఒకటే. "ఇట్ల ఊకె ఆపితె నాకెప్పుడు వస్తది సార్? ఈ శనివారం ఆపొద్దు," అని దబాయించింది.

"ఆయ్, ఆపనండి. మీరు ఊపిరి మటుకు తీస్తా ఉండండి. అది ఆగితే నేనూ ఆగుతాను, చెప్తన్నా."

శనివారం ఫ్రౌ పెట్సోల్డ్ "త్రాబ్" అంది. బెర్టా కదిలింది. మోరిట్జ్ కదిలింది. గీతిక కళ్ళు పట్టా కోసం వెతికాయి, ఊపిరి ఆగింది. ఊపిరి తియ్యాలి. ఎలా తియ్యాలో ఒక్క క్షణం తోచలేదు. మరుక్షణం తోచింది. తిట్టేవాళ్లకు ఊపిరి ఆగదు.

"ఏం మనిషి సార్ మీరు," అని మొదలుపెట్టింది పైకే. "మోకాళ్లు చలికి కొంకర్లు పోయినయి మీ వెనక నిలబడి. చలికాలమంత అట్లనే పాయె. ఆ లేసులు కట్టుడేంది, ఆ బొమ్మల పడుడేంది, జర్మనీల మన ఇజ్జత్ తీస్తిరి గద సార్. పెళ్లికి పోతె చెప్పి పోవద్దా? మీరుంటె నేను పడేదాన్నా?"

"లేదండి," అన్నారు ముందు నుంచి ఆయన, లేస్తూ కూర్చుంటూ.

"మరి ఎందుకు పోయిన్రు?"

"మా మేనల్లుడి పెళ్లండి."

"ఏమన్న తెచ్చిన్రా మాకు?"

"పూతరేకులు తెచ్చాను, మీరు కట్టుతో ఇంట్లో ఉన్నారండి."

"మరి ఏడున్నయి?"

"పాడైపోతాయని తినేశానండి."

దానికి గీతిక తిట్టిన తిట్టు ఒక పూర్తి చుట్టుకు సరిపోయింది. ఏ పట్టా లేచిందో, ఏ మలుపు వచ్చిందో ఆమెకు తెలియలేదు. ఫ్రౌ పెట్సోల్డ్ రెండు చేతులూ ఎత్తి ఆగమంటే, ఎందుకు ఆపారన్నట్టు ఆవిడ మీదా విసుక్కుంది. అప్పటికి మూడు చుట్లయ్యాయి.

"ఆమె ఏం చెబుతోంది అంతసేపూ?" అని ఫ్రౌ పెట్సోల్డ్ గోవిందరాజులు గారిని అడిగింది.

"గుర్రానికి ధైర్యం చెబుతోందండి," అన్నారు ఆయన.

నెలాఖరున అడవిలోకి బయలుదేరారు. ముందు బెర్టా, వెనక మోరిట్జ్, పక్కన పోనీ మీద సహస్ర. మాపుల్ ఆకులు పసుపెక్కాయి, దారి మెత్తగా ఉంది. ఫ్రౌ పెట్సోల్డ్ త్రాబ్ అంది, గుర్రాలు అందుకున్నాయి. సహస్ర తల్లి వైపు చూసి నవ్వింది, తల్లీ నవ్వింది. గీతికకు ఊపిరి హాయిగా, చప్పుడు లేకుండా ఆడుతోంది.

ముందున్న ఆయన రెండు మలుపుల దాకా ఓర్చుకున్నారు. తర్వాత వెనక్కి తిరక్కుండానే అడిగారు.

"తిట్లు వినబడట్లేదేంటమ్మా?"

"తిట్టేటందుకు ఇంకేం లేదు సార్."

"ఏదో ఒకటి చూడండి. మీరు మాట్లాడకపోతే నాకు కంగారుగా ఉంటాదండి."

గీతిక కాసేపు ఆయన వీపు వైపు ఎగాదిగా చూసి, హెల్మెట్ వంకరగా పెట్టుకున్నారంటూ మొదలుపెట్టింది.